పాలదిబ్బలో నాలుగు వందల పన్నెండు ఇళ్ళు

మొదటి రోజు

ఇది కొత్తమొగ గీతలశాల దినచర్య పుస్తకం. రాస్తున్నది నూకరత్నం, శాల పెద్ద, వయసు యాభై నాలుగు. నా చేతిరాత బాగుంటుంది, నా బొమ్మ ఇంకా బాగుంటుంది. కాదని వాదించడానికి వచ్చినవాళ్ళు ఇంతవరకూ టీ తాగి వెళ్ళిపోయారు.

పొద్దున్నే దళపతి కామేశం వచ్చాడు. ఊరక రారు మహానుభావులు అనుకుంటూ కుర్చీ వేశాను. కూర్చోలేదు. కాగితం చేతికిచ్చాడు. పాలదిబ్బ మీద పొద్దుని వదలడానికి ఊరి సభ ఒప్పుకుందట, సినిమా గీయాలట. ఊళ్ళన్నీ కలిసి రాసుకున్న ఒప్పందం ప్రకారం తొంభై రోజులు ఇవ్వాలి. కాగితంలో నలభై అని ఉంది.

"నలభై రోజుల్లో పందిరి వేస్తారు గానీ ఊరు గీయరండీ," అన్నాను.

"చెరువులో తాగే నీళ్ళు నలభై రోజులకే ఉన్నాయండి. పాలదిబ్బోళ్ళు మన కాలవ పాయ మూసేశామని చాటింపేసి నెల దాటింది. పిల్లలకి ఉప్పునీళ్ళు పట్టమంటారా?"

సంతకం పెట్టి తీసుకున్నాను.

ఈ పుస్తకం ఎప్పుడో ఎవరైనా తిరగేస్తే వాళ్ళకి తెలియాలి కాబట్టి రాస్తున్నాను. మా ఊరి ఇనుప మనిషి పేరు పెద్దోడు. పన్నెండు అంతస్తుల ఎత్తు. రోజూ కాలవలో పూడిక తీస్తాడు, ఒరిగిపోయిన పడవల్ని లేపుతాడు. గుండెలో ఒక గది, అందులో నడిపే మనిషి. ఆ గది వెనక ఇంకో గది. అందులో ఉన్నదాన్ని మా తాతల నాటి నుంచీ పొద్దు అనే అంటున్నాం. ఒక్కటి వదిలితే ఒక ఊరు ఉండదు. దానికి మూడు తాళంచెవులు. ఒకటి సభ దగ్గర, ఒకటి దళపతి దగ్గర, మూడోది నా మెడలో.

నా తాళం ఎప్పుడు తీయాలో నా ఇష్టం కాదు. పొద్దు వదిలితే ఏమవుతుందో ముందు చేత్తో గీసి, ఆ బొమ్మల్ని కదిలించి, మన ఊరికే చూపించాలి. కాలబోయే ప్రతి ఇల్లూ, ఆ ఇంట్లో ప్రతి మనిషీ తెర మీదికి రావాలి. అందులో ఒక ఇల్లు దళపతి తన చేత్తో గీయాలి. సినిమా అయ్యాక నేను వంద లెక్కపెడతాను. ఆ లోపు దళపతి లేచి తాళం ఇవ్వమని మూడుసార్లు అడిగితే, నేను నోరు మూసుకుని ఇవ్వాలి. అడక్కపోతే లేదు. గీయనని మొరాయించే హక్కు నాకు లేదు, తప్పు గీసే హక్కు అసలే లేదు.

రెండో రోజు

పని పంచాను. మేం పద్నాలుగు మందిమి. పదకొండు నిమిషాల సినిమా, సెకనుకి ఎనిమిది బొమ్మలు. తలకి రోజుకి పది గీయాలి. పదకొండు గీసినవాళ్ళకి నా చేతి పకోడీలు అని చెప్పాను. అందరూ తలలు వంచుకుని పనిలో పడ్డారు.

కొత్తగా చేరిన ఇద్దరు గోడకేసి చూసి, ఆ ఖాళీ పటం ఎందుకు తగిలించారని అడిగారు. అది ఖాళీ కాదు, నా బొమ్మే అని చెప్పాను.

ముప్పై ఏళ్ళ కిందట గువ్వలంక అనే ఊరి మీద సినిమా గీశాం. గడువుకి మూడు రోజులు తక్కువ పడ్డాయి. అప్పటి పెద్ద తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఇరవై నాలుగేళ్ళు, తెలివి మాత్రం తొంభై ఏళ్ళది అనుకునేదాన్ని. "పొద్దు విచ్చుకుంటే కళ్ళు బైర్లు కమ్ముతాయి కదండీ. తెర తెల్లగా వదిలేద్దాం. అదీ నిజమే కదా," అన్నాను. ఇళ్ళూ మనుషులూ అన్నీ ఆ తెలుపులోకి పోయాయి. ఎంత అందంగా వచ్చిందో. జనం చప్పట్లు కొట్టారు. అప్పటి దళపతి మూడుసార్లు అడిగాడు, తాళం ఇచ్చారు.

గువ్వలంకలో ఎన్ని ఇళ్ళుండేవో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. మేం లెక్కపెట్టలేదు గనక. ఒప్పందంలో తెల్ల ఫ్రేమ్ నిషేధం అన్న వాక్యం తర్వాత నేనే పట్టుబట్టి రాయించాను. ఎవరి కోసమో కాదు, నాలాంటిదాని కోసమే.

నాలుగో రోజు

పెద్దోణ్ణి నడిపే లోవకుమారి వచ్చింది. ఆ పిల్ల నన్ను పిన్నీ అంటుంది, చుట్టరికం ఏమీ లేదు, నోటి మంచితనం. శాలలో పాతకాలపు బొమ్మల సినిమాలు ఉన్నాయి. సముద్రాలకి అవతల ఏవో దీవుల వాళ్ళు గీసినవి, నిండా ఇనుప మనుషులే. చిన్నప్పుడు అవి చూసి చూసే ఇది పెద్దోడి గుండెలోకి ఎక్కింది. ఇప్పటికీ పూడిక తట్ట కాలవలోకి దించేటప్పుడు, ఆ సినిమాల్లో ఆయుధం పేరు అరిచినట్టే, దానికో పేరు పెట్టి గొంతు చించుకుని అరుస్తుంది. గట్టు మీద బట్టలుతికేవాళ్ళు ఉలిక్కిపడుతుంటారు.

ఇవాళ అరవలేదు. "ఒకటి వేయవా పిన్నీ," అంది. వేశాను.

ఇద్దరం చూశాం. ఆ దీవుల వాళ్ళ పనితనానికి దండం పెట్టాలి. ఫిరంగి మీద మెరుపు, మోకాలి దగ్గర బోల్టులు, చెయ్యి చాచినప్పుడు గొట్టాల్లోంచి వచ్చే ఆవిరి, ప్రతిదీ ప్రేమగా గీశారు. యుద్ధం చెడ్డదని పాత్రలు చెబుతూనే ఉంటాయి, గీసిన చెయ్యి మాత్రం ఆయుధానికి ముద్దులు పెడుతూనే ఉంటుంది. చివరికి నడిపేవాడు ఏడుస్తూ మీట నొక్కుతాడు. తెర తెల్లబడుతుంది. తర్వాత ఆకాశం, పాట. మన జాలి అంతా నొక్కినవాడికే పోతుంది. కింద ఉన్నవాళ్ళకి ఏమీ మిగలదు.

"అందరూ అంతేనా?" అంది లోవ.

అందరూ కాదు. ఆ దీవుల మీద నిజంగానే రెండు పొద్దులు వదిలారట. ఆ బూడిద చూసిన ఇంట్లో పుట్టినవాడెవడో ఒకడు కథకి అక్కర్లేకపోయినా ఒక మెట్టు గీశాడు. మెట్టు మీద కూర్చున్న మనిషి లేడు, నీడ ఉంది. మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లూ నేను కొన్ని వందల సార్లు చూసి ఉంటాను.

"నొక్కాల్సింది నేనే కదా పిన్నీ," అంది. అవునన్నాను.

ఏడో రోజు

పాలదిబ్బ నుంచి దిద్దే మనిషి వచ్చింది. ఎవరి ఊరు గీస్తున్నామో ఆ ఊరివాళ్ళు ఒకరు వచ్చి పక్కన కూర్చుని తప్పులు దిద్దాలని ఒప్పందంలో ఉంది. అడిగినదానికి అబద్ధం చెప్పనని ప్రమాణం చేస్తారు. అడగనిది చెప్పక్కర్లేదు. ఈమె పేరు యేసుమణి, ముప్పై లోపే ఉంటుంది. సన్నటి మనిషి, నవ్వదు. చంకలో ఇళ్ళ జాబితా, చేతిలో పెద్ద నీళ్ళ క్యాను.

"మా దగ్గర నీళ్ళు తాగరా?" అన్నాను.

"మా నీళ్ళే అలవాటండి."

పొగరు అనుకున్నాను. విషం పెడతామనే భయం కూడా కావచ్చు. నేనైనా అలాగే తెచ్చుకుందును.

శాలంతా తిరిగి చూసి, గోడ మీది తెల్ల ఫ్రేమ్ దగ్గర ఆగింది. అది గువ్వలంక అని కింద రాసి ఉంటుంది.

"ఎవరు గీశారండీ ఇది?"

"నేనే."

క్యాను మూత తీసి రెండు గుక్కలు తాగి, మొదటి బల్ల దగ్గర కూర్చుంది. "రెండో వీధి నుంచి మొదలెడదామండి," అంది.

పదకొండో రోజు

ఇలాంటి మనిషిని నేను చూడలేదు. తన ఊరు కాలిపోయే బొమ్మలు ముందు పెట్టుకుని, చీర అంచు తప్పు వేస్తే దిద్దుతుంది.

"ఈ గుమ్మం తూర్పుకండి, మీరు ఉత్తరం వేశారు. ఈ ఇంట్లో మేకలు రెండు కాదు, మూడు. ఈవిడ మా మేనత్తండి. అలా పరిగెత్తదు, మోకాళ్ళు నొప్పులు. గడప దాటేసరికే అయిపోద్ది."

పరిగెత్తే బొమ్మలు ఆరు అప్పటికే గీసి ఉన్నాయి. చింపేసి మళ్ళీ గీయించాను. గీసిన కుర్రది బయటికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. మధ్యాహ్నం అందరికీ పకోడీలు వేశాను, పది గీసినవాళ్ళకి కూడా.

పదహారో రోజు

సిరా అయిపోవచ్చింది. దోమలు. నూట ఎనభై ఇళ్ళు పూర్తి.

పంతొమ్మిదో రోజు

ఇవాళ ఒక తప్పు చేసి మంచిపని చేశాను. బల్ల దగ్గర దగ్గు తెరలొచ్చి, చేతికందిన గ్లాసు ఎత్తి తాగేశాను. అది యేసుమణి గ్లాసు, వాళ్ళ ఊరి నుంచి పడవలో తెప్పించుకునే నీళ్ళు. గొంతు మండింది. మా చెరువు అడుగున ఉన్న నీళ్ళు వీటికన్నా నయం, అంత ఉప్పు.

ఆమె నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూశాను. గ్లాసు యథాస్థానంలో పెట్టి, పదకొండో వీధి కాగితాలు అడిగాను.

ఇంటికి పోయాక ఆలోచన ఆగలేదు. పై నుంచి వచ్చే కాలవకి నీళ్ళు వదిలే లాకు పాలదిబ్బ మీద ఉంది. లాకు దాటాక కాలవ రెండు పాయలవుతుంది, ఒకటి వాళ్ళకి, ఒకటి మాకు. మా పాయ మూస్తే మేం ఎండిపోవాలి గానీ వాళ్ళెందుకు ఉప్పునీళ్ళు తాగుతున్నారు? పైన పటారం లోన లొటారం అంటే ఇదే. అడిగితే యేసుమణి నిజం చెప్పి తీరాలి. కానీ అడగాల్సింది నేను కాదు. నేను అడిగితే అది శాల పెద్ద మాట, గడువు దాటించే ఎత్తు అంటారు. వేరేవాళ్ళు అడగాలి, లాకుల సంగతి తెలిసినవాళ్ళు.

ఇరవై రెండో రోజు

దళపతి తన వంతు ఇల్లు గీయడానికి వచ్చాడు. జాబితా తిరగేసి పడవల షెడ్డు ఎంచుకున్నాడు. ఎంచుకోడూ మరి, మనిషి ఉండడు, నాలుగు గీతలతో అయిపోతుంది.

"అది ఎవరైనా గీస్తారండీ," అన్నాను. "లాకు గది మాత్రం మా వాళ్ళ చేత కావట్లేదు. మీ నాన్నగారు లాకులు కాసే లస్కరు కదా. లాకుల మీద పెరిగిన చెయ్యి మీది. పాలదిబ్బోళ్ళు రేపు తెర మీద చూసి, కొత్తమొగలో లాకు గీయడం కూడా రాదు అంటే మనకే కదా నామర్దా."

నామర్దా అన్న మాట బాగా పనిచేస్తుంది. చేతులు మడిచి కూర్చున్నాడు.

మొదట గది గీశాడు. వంకరగా వచ్చింది. తర్వాత లాకు చక్రం. తర్వాత తలెత్తి యేసుమణిని అడిగాడు, "తలుపు ఎత్తే రాడ్డు పైకి ఎంత కనబడుద్దమ్మా?"

పద్నాలుగు మంది చేతులూ ఆగిపోయాయి.

"మనిషెత్తండి," అంది.

"మనిషెత్తా? మూసేసిన లాకు కదా, రాడ్డు కిందకుండాలి. తలుపు లేస్తేనే కదా రాడ్డు పైకొచ్చేది."

"రాడ్డే పైకొచ్చిందండి. తలుపు రాలేదు."

పెన్సిలు కింద పెట్టాడు. అతనికి బొమ్మ రాకపోవచ్చు గానీ లాకు వచ్చు. "కింద తెగిపోయింది," అన్నాడు మెల్లిగా. "మీరు మూయలేదు. ఇరుక్కుపోయింది. ఎప్పుడు?"

"రెండు నెలలైందండి. ముప్పై మందిమి తాళ్ళు కట్టి లాగాం. మా యాకోబు, లాకు కాసే ఆయన, రోజూ చక్రం పట్టుకుని తిప్పుతూనే ఉంటాడు. ఉత్తినే తిరుగుద్ది."

"మరి మూసేశామని చాటింపెందుకేశారు?"

"చెడిపోయిందని చాటింపేస్తే మీరేం చేసేవోరండీ? లాకు చచ్చిందంటే దిబ్బ చచ్చినట్టే. మీ పెద్దోడు వచ్చి మా గట్టు మీద కూకుంటాడు. మేం కావాలనే ఆపామంటే కనీసం భయపడతారు."

నా ఒళ్ళు మండింది. రెండూళ్ళ గొంతులు ఎండుతుంటే, పరువు కోసం చెడిపోయిన లాకుని తమ శౌర్యంగా చెప్పుకున్నారు. ఆ మాట నమ్మి మేం నాలుగు వందల ఇళ్ళు కాల్చడానికి బయల్దేరాం. ఎవరు ఎక్కువ తెలివితక్కువవాళ్ళో పందెం పెడితే తేలడం కష్టం.

కామేశం మళ్ళీ పెన్సిలు తీసుకున్నాడు. చక్రం పట్టుకున్న యాకోబుని గీయడం మొదలుపెట్టాడు. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి వచ్చాయి. దిద్దమని యేసుమణి అనలేదు.

ఇరవై నాలుగో రోజు

దళపతి విషయం సభలో చెప్పాడట. నేను ఆశపడ్డాను, దాచుకోను. సభ ఏమందంటే, మరీ మంచిది, వాళ్ళకి బలం లేదని తేలింది, పొద్దు వదిలితే లాకూ కాలవా రెండూ మనవే, సినిమా ఆపొద్దు అంది. దళపతి ఏమన్నాడని అడిగితే, ఏమీ అనలేదట.

ఈ మాటలు సభ మనుషులు యేసుమణి ముందే చెప్పి పోయారు, ఆమె ఒక గోడ అన్నట్టు. ఆమె మాత్రం పదిహేనో వీధి కాగితాలు ముందుకి లాక్కుంది.

సరే. అయితే గీద్దాం. నేను గీస్తే ఎలా ఉంటుందో వాళ్ళు ఇంకా చూడలేదు.

ముప్పై ఒకటో రోజు

వెలుతురు గీయడం దగ్గర పని ఆగింది. తెలుపు వాడకూడదు. మరి పొద్దు విచ్చుకోవడం ఎలా చూపిస్తాం? పద్నాలుగు మందీ పద్నాలుగు రకాలు చెప్పారు. చివరికి లోవ చెప్పింది.

"వెలుగు ఎందుకు పిన్నీ, నీడలు గీయండి. నేను పెద్దోడి కళ్ళ దీపాలేస్తే నాకు దీపం కనబడదు. గట్టు మీదున్నోళ్ళ నీడలు పొడుగ్గా సాగడం కనబడుద్ది."

ఇంతకాలం ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. నాలుగు వందల పన్నెండు ఇళ్ళకీ నీడలు వేశాం. చెంబుకి, దండెం మీది చొక్కాకి, మూడు మేకలకి, గడప దాటుతున్న మేనత్తకి.

నలభయ్యో రోజు

పొద్దున పదింటికి శాల తలుపులు మూసి, కిటికీలకి గోనెపట్టాలు కట్టి, సినిమా వేశాం. ఊరంతా వచ్చింది. దళపతి ముందు వరసలో, అతని పక్కన లోవ, చివర్న యేసుమణి.

మొదటి రెండు నిమిషాలూ పాలదిబ్బలో మామూలు పొద్దున. బియ్యం కడుగుతున్నారు, ఎవరో అరుగు మీద పేలు చూస్తున్నారు. మా వాళ్ళు కొందరు నవ్వారు కూడా, అచ్చం మనలాగే తిట్టుకుంటున్నారే అని. తర్వాత నీడలు సాగాయి. మిగిలిన తొమ్మిది నిమిషాలు ఇక్కడ రాయను. రీలు భద్రంగా ఉంది, కావలసినవాళ్ళు చూడవచ్చు. ప్రతి ఇల్లూ ఉంది.

చివర లాకు గది వచ్చింది. గది వంకర, మనిషికి కాళ్ళు సమానంగా లేవు. అది ఎవరి చెయ్యో అందరికీ తెలిసిపోయింది. ఇంకో రోజైతే నవ్వేవాళ్ళు. యాకోబు చక్రం వదలలేదు. తిప్పుతూనే ఉన్నాడు, తిప్పడానికి చేతులున్నంతసేపు.

గోనెపట్టాలు తీశాం. చప్పట్లు లేవు. నేను మెడలోంచి తాళం తీసి అరచేతిలో పెట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్పై, నలభై. సభవాళ్ళు దళపతిని మోచేత్తో పొడిచారు. అరవై. లోవ రెండు చేతులూ ఒడిలో బిగించి పెట్టుకుంది.

డెబ్భై ఒకటి దగ్గర కామేశం లేచాడు.

నాకేసి చూడలేదు. "లోవా," అన్నాడు. "పెద్దోడి చేతికి పూడిక తట్ట ఊడదీసి, పడవలు లేపే కొక్కెం తగిలించు. లాకు తలుపు బరువు పదహారు టన్నులుంటది. మా నాన్న చెప్పేవోడు."

ఒప్పందం ప్రకారం నేను వంద దాకా లెక్కపెట్టాలి. పెట్టాను. ఒక్క అంకె కూడా మింగలేదు.

నలభై రెండో రోజు

తలుపు లేచింది. మొదటిసారి కొక్కెం జారింది, రెండోసారి పట్టింది. లోవ పాత అలవాటు ప్రకారం కొక్కేనికి ఏదో పేరు పెట్టి అరిచిందట, ఈసారి పాలదిబ్బవాళ్ళు ఉలిక్కిపడ్డారట. యాకోబుకి రెండు కాళ్ళూ సమానంగానే ఉన్నాయని దళపతి వచ్చి మరీ చెప్పాడు. సభలో ఇద్దరు అతనితో మాట్లాడటం మానేశారు. సాయంత్రానికి మా పాయలో నీళ్ళు మోకాలి లోతు వచ్చాయి, బురదగా, తియ్యగా.

నలభై మూడో రోజు

శాలకి సెలవు ఇచ్చాను. నేనొక్కదాన్నే బల్లలు తుడుస్తున్నాను. యేసుమణి పని అయిపోయింది, నిన్ననే పడవ ఎక్కాలి. ఎక్కలేదు. వచ్చి గోడ మీది తెల్ల ఫ్రేమ్ కింద నిలబడింది.

"మా అమ్మది గువ్వలంకండి," అంది. "ఆ రోజు పాలదిబ్బ సంతకొచ్చి మిగిలిపోయింది. పోయేదాకా ఆ ఇళ్ళ గురించే చెప్పేది. ఎవరి పక్క ఎవరు, ఎవరింట్లో జామచెట్టు, ఎవరింట్లో కుంటికుక్క. అన్నీ నాకు గుర్తు లేవు."

నేను గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. ఇన్ని రోజులూ ఈ మనిషి నా పక్కన కూర్చుని నా గీతలు దిద్దింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. క్షమించమని అడగలేదు. అడగడానికి ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది.

"ఎన్ని గుర్తున్నాయి?"

"పదకొండు ఇళ్ళు."

మేకు పీకి పటం దించాను. అద్దం తీసి, ఆ కాగితాన్నే బల్ల మీద పరిచాను. ముప్పై ఏళ్ళకి అంచులు పసుపెక్కాయి గానీ మధ్యలో ఇంకా తెల్లగానే ఉంది. పెన్సిలు చెక్కి ఆమెకి కుర్చీ వేశాను. కూర్చుంది.

"మొదటి ఇల్లు," అన్నాను. "గుమ్మం ఏ వైపమ్మా?"

"పడమటికక్కా. ముందు చిన్న అరుగు."

అరుగు గీశాను. "ఇంకొంచెం పొట్టిగా," అంది. చెరిపి మళ్ళీ గీశాను.